ఎవరిదీ కాని మొహం

నిర్మాత అంటే డబ్బున్నవాడని లోకం అనుకుంటుంది. మా క్వన్ బాబాయ్ డబ్బున్నవాళ్ళ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగే నిర్మాత. డబ్బు ఒకరిది, కథ ఇంకొకరిది, నటించే మొహాలు వేరేవాళ్ళవి. వీళ్ళందర్నీ ఒకచోట కూర్చోబెట్టి, సినిమా పూర్తయ్యేదాకా ఎవరూ అలిగి లేచిపోకుండా చూసుకోవడం ఆయన పని. పోస్టరు మీద ఆయన పేరు ఎంత చిన్నగా వేస్తారంటే, ఆయన భార్య బతికున్నన్నాళ్ళూ దాన్ని చుట్టాలకు చూపించడానికి కళ్ళజోడు పెట్టుకుని వెతికేది.

నేను మేకప్ మనిషిని. పేరు యిమ్ సుక్‌యీ, సెట్లో అందరికీ యీ అక్కని. హాంకాంగ్‌లో వారం వారం కొత్త సినిమాలు కుప్పలుగా విడుదలయ్యే రోజుల్లో ఈ పనిలోకి వచ్చాను. అప్పటికే మేమంతా బాబాయ్ అని పిలిచే ఈ సీటో పింగ్‌క్వన్ భోజనాలు పంచే దగ్గర్నుంచి లొకేషన్లు వెతికే దాకా ఎదిగాడు. ఎవరికి గొడ్డుమాంసం పడదో, ఏ హీరో ఏ హీరో పక్కన కూర్చోడో ఆయనకు తెలిసినంత ఆ హీరోల పెళ్ళాలకు కూడా తెలియదు. నిర్మాత అయ్యాక కూడా భోజనం డబ్బాలు వచ్చాయంటే ముందు ఆయనే వెళ్ళి మూత తీసి చూస్తాడు. చాదస్తం అంటాను నేను. అలవాటు అంటాడు ఆయన.

నిర్మాతకు కళేమిటి అని అడిగేవాళ్ళకు నేనొక సంగతి చెబుతాను. ఒక సినిమాకు మేడ మీద పెళ్ళి విందు తియ్యాలి. బల్లలు వేశాం, ఎర్ర గుడ్డలు కట్టాం, తుఫాను హెచ్చరిక వచ్చింది. డైరెక్టరు నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. బాబాయ్ ఆ భవనం మెట్లు ఒకసారి దిగి, మళ్ళీ ఎక్కొచ్చి, "విందు మెట్ల మీద పెడదాం" అన్నాడు. మెట్టుకు ఇద్దరేసి చుట్టాలు, చేతుల్లో గిన్నెలు, పై మెట్టు నుంచి చేతులు మారుతూ కిందికి దిగే పెద్ద చేప. ఆ సినిమాలో జనానికి ఇప్పటికీ గుర్తున్నది ఆ చేపే. అవార్డు డైరెక్టరుకు వచ్చింది. రావాల్సిందేగా అన్నాడు బాబాయ్. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

ఇప్పుడు ఆ సందడి లేదు. క్వున్‌టాంగ్‌లో పాత ఫ్యాక్టరీ భవనంలో ఆయన ఆఫీసు. ఒకప్పుడు కూర్చోవడానికి కుర్చీ దొరికేది కాదు. ఇప్పుడు ఆయనా, ఒక కంప్యూటరూ. షెడ్యూలు వేసేది, ఖర్చు అంచనా కట్టేది, స్క్రిప్టు చదివి ఎక్కడ సాగుతోందో చెప్పేది, అన్నీ ఏఐ. ఆయన దానికి గుమస్తా అని పేరు పెట్టాడు. నోటితోనే మాట్లాడతాడు దానితో. అది ముందు ఆయన ప్రశ్నను మెచ్చుకుని, ఆ తర్వాత జవాబు చెబుతుంది.

"చూశావా యీ, ఇన్నేళ్ళలో నన్ను ఇంతగా పొగిడినవాళ్ళు లేరు" అంటాడు నాతో. "అందుకే దీని మీద నాకు అనుమానం."

"మరి మానెయ్."

"ఎందుకు మానడం? పని బాగా చేస్తుంది. పొగిడి పొగిడి చివర్లో ఆ సీను తీసెయ్యమంటుంది, అంతే. డబ్బు పెట్టేవాళ్ళూ అంతేగా."

నాకు దాన్ని చూస్తేనే గిట్టదు. హీరోల ముడతలు దిద్దే పని నా చేతిలోంచి లాక్కుంది. ఆయన మాత్రం దాన్ని తిట్టడు, నెత్తినా పెట్టుకోడు. ఆఫీసులో ఇంకొక మనిషి ఉన్నట్టే చూస్తాడు.

పోయిన వేసవిలో మొదలైన సినిమాకు డైరెక్టరు యౌ హొయ్‌లామ్ అనే అమ్మాయి. ముప్ఫై దాటాయో లేదో, మొదటి సినిమా. కథ చిన్నది. షామ్‌షుయ్‌పోలో ఒక బియ్యం జావ కొట్టు. నడిపే తల్లి చనిపోతుంది, కొడుక్కి కొట్టు నడపాలని లేదు. ఆ తల్లి సినిమాలో ఎక్కడా కనపడదు, గోడ మీద ఫొటోలో తప్ప. కొట్టు నిజమైనదే దొరికింది. ఆ భవనం కూల్చబోతున్నారు, అందాకా వాడుకోండన్నాడు యజమాని.

మా పరిశ్రమలో ఒక పద్ధతి ఉంది. సినిమాలో చచ్చిపోయే వేషం వేసినా, చనిపోయినవాళ్ళ ఫొటోగా మన ఫొటో పెట్టినా, షాటుకు ముందే నిర్మాత రెండు చేతులతో ఎర్ర కవరు ఇవ్వాలి. అందులో ఉన్న డబ్బు ఆ రోజే ఖర్చుపెట్టెయ్యాలి, ఇంటికి తీసుకెళ్ళకూడదు. అప్పుడు ఆ చావు వేషం తెచ్చే కీడు సినిమాతోనే పోతుంది. మాకు ఇలాంటి నమ్మకాలు లేవని పేపర్లలో చెప్పే హీరోలు కూడా ఆ కవరుకు చెయ్యి చాపడం నేను కళ్ళారా చూశాను.

తల్లి ఫొటోకు ఒప్పుకున్న పాత నటి ఆఖరి నిమిషంలో వెనక్కి తగ్గింది. కోడలికి నెలలు నిండాయట, ఈ సమయంలో వద్దంది. ఇంకెవర్నీ వెతికే వ్యవధి లేదు. మర్నాడు హొయ్‌లామ్ ఒక ఫొటో తెచ్చి మా ముందు పెట్టింది. నెరిసిన పొట్టి జుట్టు, చెవులకు ముత్యాలు, నవ్వబోయి ఆగిన మొహం. చాలా బాగుంది, ఒప్పుకోవాలి.

"ఎవరమ్మాయ్ ఈవిడ?" అన్నాడు బాబాయ్.

"ఎవరూ కాదు బాబాయ్. ఏఐ చేసింది."

"ఎవరూ కాకపోతే నాకు ఎక్కడో చూసినట్టుందేం?"

"అందరూ అదే అంటున్నారు. మన అమ్మల్లా ఉండాలనేగా చేయించింది."

ఫొటో గోడకెక్కింది. ముందు అగరొత్తులు వెలిగించారు. బాబాయ్ అలవాటు కొద్దీ జేబులోంచి ఎర్ర కవరు తీశాడు, తీసి ఎవరికివ్వాలో తెలియక అటూ ఇటూ చూశాడు.

"ఆ కంప్యూటర్‌కి ఇవ్వు బాబాయ్, కరెంటు బిల్లు కట్టుకుంటుంది" అన్నాను నేను.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వి కవరు జేబులో పెట్టుకున్నాడు. ఎవరిదీ కాని మొహానికి కీడేమిటి, కవరేమిటి అనుకున్నాం. కెమెరా తిరిగింది.

తర్వాతి వారం ఇరుగుపొరుగువాళ్ళు వచ్చి దణ్ణం పెట్టుకునే సీను. దానికి వచ్చిన జూనియర్ ఆర్టిస్టుల్లో మోక్ యుక్‌లాన్ ఒకరు. డెబ్భై దాటిన మనిషి, లాన్ అక్క అంటాం. మార్కెట్లో కూరగాయలు ఏరే ఆవిడ, బస్సులో కిటికీ పక్క ఆవిడ, పెళ్ళిలో వెనక బల్ల ఆవిడ, చావింట్లో ఏడ్చే ఆవిడ, అన్నీ తనే. హాంకాంగ్ సినిమా చూసినవాళ్ళెవరైనా ఆవిణ్ణి చూసే ఉంటారు, ఎవరికీ గుర్తుండదు. ఇన్నేళ్ళలో తెర మీద ఒక్క మాట మాట్లాడింది లేదు. వాంగ్‌తైసిన్‌లో ప్రభుత్వ క్వార్టర్లో ఒంటరిగా ఉంటుంది.

షాట్ మొదలైంది. లాన్ అక్క వరసలో వచ్చి, అగరొత్తులు నుదుటికి ఆనించుకుని వంగి దణ్ణం పెట్టింది. తలెత్తింది. ఎత్తినది దించలేదు. నేను మానిటరు దగ్గర ఉన్నాను. ఆ క్షణం దాకా మాలో ఒక్కరికీ తట్టలేదు. ముత్యాలు తీసెయ్యండి, ముక్కు కాస్త వెడల్పు చెయ్యండి, ఆ ఫొటో లాన్ అక్కది. ఎదురుగా ఆవిడ, గోడ మీద ఆవిడ.

అయినా ఆవిడ షాట్ చెడగొట్టలేదు. అగరొత్తులు గుచ్చి, కొడుకు వేషం వేసిన కుర్రాడి చెయ్యి ఒకసారి నొక్కి, వరసలో బయటికి నడిచింది. నడిచి కొట్టు వెనక మెట్ల మీద కూలబడింది.

హొయ్‌లామ్ మొహం పాలిపోయింది. ఫొటోలో మొహం మామూలు ఊళ్ళో మనిషిలా రావాలని, ఏజెన్సీ పంపిన జూనియర్ ఆర్టిస్టుల ఫొటోలన్నీ తనే మిషన్‌కి ఇచ్చిందట. అది అందర్నీ కలిపి ఒకర్ని చేస్తుందనుకుంది. అది ఎక్కువగా లాన్ అక్కనే తీసుకుంది.

బాబాయ్ వెళ్ళి ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. హొయ్‌లామ్ లాప్‌టాప్ పట్టుకుని పరిగెత్తింది. వెనక నేను.

"అత్తా, క్షమించు. తీసేస్తాను. ఒక్క నిమిషం పని, మొహం మార్చేస్తాను" అంది హొయ్‌లామ్.

"ముందు చంపారు, ఇప్పుడు తుడిచేస్తారా?" అంది లాన్ అక్క. కోపంగా కూడా అనలేదు.

బాబాయ్ ఎర్ర కవరు తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆవిడ దాని వంక చూసి తల తిప్పుకుంది.

"ముందు ఇవ్వాలి క్వన్. నీకు తెలియనిదా? తర్వాత ఇస్తే అది నోరు మూయించడానికి ఇచ్చినట్టు."

ఆయన కవరు ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పుడు చెప్పింది ఆవిడ. వచ్చే సోమవారం గుండె ఆపరేషన్. ఎప్పట్నుంచో ఎదురుచూస్తే ఇప్పటికి వంతు వచ్చిందట.

"వెళ్ళను" అంది. "నా ఫొటోకి నేనే దణ్ణం పెట్టుకున్నాను. నా అగరొత్తులు నేనే వెలిగించుకున్నాను. ఇక ఆ బల్ల మీద పడుకుంటే లేస్తానా?"

"అక్కా, అది ఫొటో. డాక్టర్లకీ దానికీ..." అనబోయాడు బాబాయ్.

"డాక్టర్లు చెప్పినవన్నీ విన్నాను. నాకు భయంగా ఉంది, అంతే. నువ్వెళ్ళి పని చూసుకో."

బాబాయ్ పని చూసుకోలేదు. షూటింగ్ ఆపేసి అందర్నీ ఇంటికి పంపించాడు. ఆపరేషన్ చేయించుకోకపోతే ఆవిడ ఎన్నాళ్ళుంటుందో తెలియదు. చేయించుకోమని చెప్పే మొహం మాకు లేదు. దారి పొడుగునా నేను ఆ పిల్లని తిడుతూనే ఉన్నాను.

"ఆ పిల్లొక్కతేనా?" అన్నాడు బాబాయ్ చివరికి. "కవరు చేతిలో పట్టుకుని నవ్వింది నేను కదా. ఎక్కడో చూశానని నోటితో అన్నాను. ఎక్కడ చూశానో ఆలోచించలేదు. ఆవిణ్ణి ఎవరు మాత్రం సరిగ్గా చూశాం, యీ?"

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. ఆ మొహానికి నేను ఎన్నిసార్లు పౌడరు అద్దానో.

మర్నాడు పొద్దున హొయ్‌లామ్‌నీ నన్నూ ఆఫీసుకు రమ్మన్నాడు. వెళ్ళేసరికి గుమస్తాతో వాదిస్తున్నాడు. తల్లి బతికుండగా ఒక సీను పెడితే ఎలా ఉంటుందని అడిగాడు. చాలా మానవీయమైన ఆలోచన అని మెచ్చుకుని, అది తన లెక్క చెప్పింది. కథకు ఆ సీను అక్కర్లేదు. తల్లి కనపడకపోవడమే ఈ సినిమా బలం. పైగా కొట్టు చేతిలో ఉన్న రోజులు సరిపోవు.

"నిజమే చెప్పింది" అన్నాడు బాబాయ్. అని మా వైపు తిరిగాడు. "ఫొటో పద్ధతి ప్రకారం మళ్ళీ తీద్దాం. అడిగి, కవరిచ్చి, కెమెరాతో. దణ్ణం సీను ఆవిడ లేకుండా తీద్దాం. అన్నీ అయిపోయాక ఆఖరి షాట్ ఆవిడ బతికున్నది. జావ వండుతూ, కొడుకుని తిడుతూ. ఆ వేషంలోంచి ఆవిడ బతికున్న మనిషిగా బయటికి రావాలి."

"రోజు ఎక్కడిది బాబాయ్?" అంది హొయ్‌లామ్.

"ట్రామ్ షాట్ రోజుంది."

కొడుకు రాత్రి ట్రామ్ పైఅంతస్తులో ఊరంతా చూస్తూ వెళ్ళే షాట్ అది. సినిమా మొదలవకముందే హొయ్‌లామ్ మా అందరికీ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది.

"ఆ షాట్ కోసమే నేనీ సినిమా రాశాను."

"తెలుసు. అందుకే నేను తీసెయ్యట్లేదు. నిన్నడుగుతున్నాను. వద్దంటే ఇంకో దారి వెతుకుతాను, నీ మీద కోపం పెట్టుకోను."

"ట్రామ్‌ని ఏఐతో చేయించొచ్చుగా" అన్నాను నేను ఉండబట్టలేక. ఆ మిషన్‌ని వెనకేసుకొస్తున్నానని మాట బయటికొచ్చాక గాని తెలియలేదు.

"చేయించొచ్చు" అంది హొయ్‌లామ్. "నాకు నిజం ట్రామే కావాలి. లేకపోతే వద్దు." కిటికీ దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడి, ముక్కు తుడుచుకుని వచ్చింది. "లాన్ అత్తకి డైలాగ్ ఏం రాయాలి?"

నాకు ఆ క్షణంలో ఆ పిల్ల మీద ప్రేమ పుట్టింది. ముందురోజు తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను.

నారింజలు పట్టుకుని ముగ్గురం వాంగ్‌తైసిన్ వెళ్ళాం. లాన్ అక్క తలుపు తీసి, లోపలికి రమ్మనకుండానే అంతా వింది.

"అడక్కుండా వాడుకున్నాం" అన్నాడు బాబాయ్. "ఇప్పుడు అడుగుతున్నాను. అమ్మ వేషం నీది. వేస్తావా?"

"మాటలున్నాయా?"

"ఉన్నాయి."

"ఎన్ని?"

"ఒకటి."

"ఒకటా? ఏమిటది?"

"గొడుగు తీసుకెళ్ళు, వాన పడేట్టుంది," అంది హొయ్‌లామ్.

లాన్ అక్క పెదవి విరిచింది. "గొడుగు సంగతి ఏ తల్లైనా చెబుతుంది. ఇంతమంది కూర్చుని రాసింది ఇదేనా?" అని గుమ్మంలోంచి పక్కకి తప్పుకుంది. "రండి, టీ పెడతాను. వేషం వేస్తాను. ఆపరేషన్‌కి వెళ్తానని మాత్రం మాటివ్వట్లేదు."

ఫొటో తీసిన రోజు బాబాయ్ వంగి, రెండు చేతులతో కవరు ఇచ్చాడు. ఈసారి తీసుకుంది. ముత్యాలు వద్దంది, జుట్టు తనే దువ్వుకుంది. ఫొటో అయ్యాక మమ్మల్నందర్నీ లాక్కెళ్ళి బాతు వేపుడు అన్నం తినిపించింది. అయినా ఇంకా చిల్లర మిగిలితే దారిలో గుడ్డు టార్టులు కొని, ఎదురొచ్చినవాళ్ళకు కూడా పంచింది. ఇంటికి ఏమీ మిగలకూడదు కదా.

ఆఖరి షాట్ రోజు వచ్చింది. మర్నాడు కొట్టు ఖాళీ చెయ్యాలి. పొయ్యి మీద జావ నిజంగానే ఉడుకుతోంది. లాన్ అక్క గిన్నె కలుపుతూ, బయటికెళ్తున్న కొడుకుతో గొడుగు మాట చెప్పాలి. మొదటి టేక్‌లో మాట సరిగ్గానే చెప్పింది గాని కెమెరాకు వీపు తిప్పేసింది. రెండో టేక్‌లో స్తంభం వెనక్కి జరిగింది. మళ్ళీ చేస్తే మళ్ళీ అంతే. హీరోకు అడ్డం రాకుండా తప్పుకోవడం ఆ ఒంటికి అలవాటైపోయింది. ఎవరూ తప్పుకోమనకపోయినా తప్పుకుంటోంది. తనకే తెలిసి సిగ్గుపడి, చేతిలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

బాబాయ్ ఎప్పుడూ సెట్లో డైరెక్టరు పనిలో వేలు పెట్టడు. ఆ రోజు హొయ్‌లామ్ వంక చూశాడు, ఆ పిల్ల తలూపింది. ఆయన పొయ్యి దగ్గరికి వెళ్ళాడు.

"అక్కా, ఇన్నాళ్ళూ అందరికీ తప్పుకున్నావు. ఇవాళ అడ్డం రా."

ఆవిడ ఆయన వంక చూసింది. కొంగు లాంటి ఆ ఏప్రాన్‌తో కళ్ళు ఒత్తుకుంటే నేను వెళ్ళి మళ్ళీ పౌడరు అద్దాను. ఈసారి ఆ మొహాన్ని తీరిగ్గా చూశాను.

టేక్. కొడుకు గుమ్మం దాకా వెళ్ళాడు. లాన్ అక్క గరిటె పట్టుకునే వచ్చి, సరిగ్గా కెమెరా ముందు, వాడికి అడ్డంగా నిలబడింది. "గొడుగు తీసుకెళ్ళు. వాన పడేట్టుంది." వాడు గొడుగు తీసుకున్నాడు. అక్కడితో అయిపోవాలి. ఆవిడ కదల్లేదు. వాడి కాలరు సరిచేసింది.

"సాయంత్రం నేను ఇంట్లోనే తింటాను" అంది. "అంతా నువ్వే తినెయ్యకు. నాకూ ఉంచు."

అది స్క్రిప్టులో లేదు. ఆ కుర్రాడు ఏం చెయ్యాలో తెలియక, నిజం కొడుకులా "సరే అమ్మా" అని వెళ్ళిపోయాడు. హొయ్‌లామ్ ఓకే అన్నట్టు చెయ్యెత్తింది. లైట్లు పట్టుకునేవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. నేను ఏడ్చాను, దాచుకోలేదు. ఆ సినిమాలో అంతకన్నా మంచి షాట్ లేదు. ఆ సాయంత్రమే దాన్ని ఎడిటింగ్‌లో పెట్టేశారు.

నేను మేకప్ తుడుస్తుంటే లాన్ అక్క అద్దంలోంచి అంది, "హాస్పిటల్‌కి ఫోన్ చెయ్యాలి. సోమవారం ఎన్నింటికి రమ్మన్నారో మళ్ళీ అడగాలి."

సోమవారం పొద్దున్నే బాబాయే తీసుకెళ్ళాడు. నేనూ హొయ్‌లామ్ తర్వాత వెళ్ళాం. ఆయన ఆ వరండాలో మధ్యాహ్నం దాకా నిలబడే ఉన్నాడు. కూర్చోమంటే వినలేదు. అందరికీ భోజనం డబ్బాలు తెప్పించి, మూతలు తీసి చూసి, తను తినలేదు.

మర్నాడు గాని మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. గొట్టాల మధ్య లాన్ అక్క మొహం చిన్నదైపోయింది. కళ్ళు తెరిచి ఒక్కొక్కర్నీ చూసింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మేం వంగి విన్నాం.

"షాట్ ఓకే అయిందా?"

"లేదక్కా" అన్నాడు బాబాయ్. "ఇంకో టేక్ కావాలంటోంది అమ్మాయి."

హొయ్‌లామ్ నోరు తెరవబోయింది. నేను చెయ్యి గట్టిగా గిల్లాను.

లాన్ అక్క కాసేపు కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాం. "కొట్టు ఖాళీ చేసేశారుగా" అంది.

"ఇంకో కొట్టు వెతుకుతున్నాను."

"అబద్ధాలకోరువి." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "ఈసారి నాకు ఇంకొన్ని మాటలు కావాలి."

బాబాయ్ జేబులోంచి పెన్ను తీశాడు.

"చెప్పక్కా, రాసుకుంటాను" అన్నాడు.